తలుపు సందులో వేలు

ఎవరు ఏ నింద వేసినా కాదనకుండా మోసేవాళ్ళు ఈ లోకంలో ఇద్దరే ఇద్దరున్నారు. ఒకరు విధి. రెండోవారు ఆయా. విధికి నోరు లేదు కాబట్టి ఎదురు చెప్పదు. ఆయాకి నోరుంది గాని, ఆ నోటికి విలువ లేదు. అందుకే పసివాడికి ఏ దెబ్బ తగిలినా ముందు ఆయాని నాలుగు దులుపుతాం. ఆమె ఎదురుగా లేకపోతే విధిని తలుచుకుంటాం. తర్వాత ఒక నిట్టూర్పు విడుస్తాం. ఆ నిట్టూర్పుతో విషయం సమాప్తం!

ఈ వారం నేను చెప్పబోయేది తలుపు సందులో పడి నలిగిపోయే పసివేళ్ళ గురించి. "ఇదీ ఒక వ్యాసానికి విషయమేనా?" అని పేజీ తిప్పేయకండి. ధర్మం, పాపం, బాధ్యత అంటూ పెద్దలు గ్రంథాలకి గ్రంథాలు రాశారు. అవి మన ఇళ్ళలోకి వచ్చేటప్పుడు ఇలాంటి చిన్న చిన్న సందుల్లోంచే వస్తాయి.

మా కాలనీలో ఒకావిడ ఇంటి కింది వాటాలో క్రెష్ నడిపేది. ఉద్యోగాలు చేసే తల్లులు ఉదయం తొమ్మిదింటికి పిల్లల్ని వదిలి వెళ్ళి సాయంత్రం వచ్చి తీసుకుపోతారు. ఒకరోజు పొద్దున్న రెండున్నరేళ్ళ బాబు, అమ్మ వెళ్ళిపోతోందని ఏడుస్తూ, లోపలికి తెరిచి వున్న తలుపు వెనక్కి చేరాడు. తలుపుకీ ద్వారబంధానికీ మధ్య, మడతబందుల పక్కన, నిలువునా ఒక సందు వుంటుంది చూడండి, అందులోంచి బయటికి చూస్తున్నాడు. అమ్మ చీర చెంగు కనిపిస్తోంది. ఆ సందులో చెయ్యి పెట్టి పట్టుకున్నాడు. పిల్లలు వీధిలోకి పరుగెత్తకుండా ఆయా రోజూ వేసినట్టే తలుపు వేసింది. తలుపు వెనక ఎవరున్నారో ఆమెకి కనిపించలేదు.

ఉంగరపు వేలు. గోరు వూడిపోయింది. కొస ఎముక చిట్లింది. నాయనమ్మ ముచ్చటపడి తొడిగిన బంగారపు ఉంగరం, వేలు వాచిపోవడంతో ఇరుక్కుపోతే ఆస్పత్రిలో కత్తిరించి తియ్యాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం వాళ్ళింట్లో చేరిన నలుగురూ నాలుగు మాటలన్నారు.

"ఆ మనిషికి జీతం ఇస్తున్నది దేనికి?" అన్నాడు తండ్రి.

"వాడికి మొన్న పెళ్ళిలో దిష్టి తగిలింది. అప్పుడే అనుకున్నాను," అంది నాయనమ్మ.

"పిల్లవాడు మహా అల్లరండీ, ఒక్కచోట నిలవడు," అంది క్రెష్ యజమానురాలు.

నాలుగో మాట అన్నది పక్కింటావిడ. గొంతు తగ్గించి అందిగాని, అందరికీ వినిపించేట్టే అంది. "ఏమైనా అనండి, కన్నతల్లి ఇంట్లో వుంటే ఇంత జరిగేదా?"

కన్నతల్లి ఆ మూలే కూర్చుని వుంది. ఒక్క మాట మాట్లాడలేదు.

మర్నాడు ఆయాని మానిపించారు. అందరి మనసులూ కుదుటపడ్డాయి. న్యాయం జరిగినట్టనిపించింది. రెండు నెలలు తిరిగాయి. ఆషాఢమాసం గాలి రివ్వున కొట్టి అదే తలుపు దఢాలున మూసుకుంది. ఈసారి ఒక పాప రెండు వేళ్ళు. అదృష్టవశాత్తూ కమిలి వూరుకున్నాయి.

ఆయా మారింది. తలుపు మారలేదు!

ఆ పూట నుంచీ నన్నొక ప్రశ్న పట్టుకుంది. ఎవరూ కావాలని చెయ్యని కీడుకి ఎవరిది బాధ్యత? మనసులో చెడు లేకపోతే పాపం లేదంటారు. నిజమే. మరి ఆ పసివాడి నొప్పి మాత్రం నిజం కాదూ? దాన్ని ఏ ఖాతాలో రాయాలి?

ఒక్కొక్క నిందనీ తీసి చూద్దాం. బియ్యంలో రాళ్ళేరినట్టు.

ముందు పిల్లవాడి అల్లరి. ఈ విషయంలో మన భారతమే తీర్పు చెప్పేసింది. మాండవ్య మహాముని కథ గుర్తుందా? చెయ్యని దొంగతనానికి ఆయన్ని కొరత వేశారు. తర్వాత ఆయన యమధర్మరాజు దగ్గరికి వెళ్ళి, "నేనేం పాపం చేశానయ్యా?" అని అడిగాడు. చిన్నప్పుడు పురుగుల్ని పుల్లతో గుచ్చావు, దాని ఫలితం అన్నాడు యముడు. ముని మండిపడ్డాడు. తెలిసీ తెలియని వయసులో చేసినదానికి ఇంత శిక్షా అని యముణ్ణే శపించాడు. ఆ శాపం వల్లే ధర్మరాజు విదురుడై పుట్టాడు. అంతటితో ఆగక, పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు చేసినది పాపం కింద లెక్కకి రాకూడదని ముని ఒక కట్టడి కూడా చేశాడు. సాక్షాత్తూ యమధర్మరాజు తలవంచిన నియమం అది. రెండున్నరేళ్ళవాణ్ణి "అల్లరివాడు, వాడిదే తప్పు" అనడానికి మనమెంతవాళ్ళం?

పైగా వాడు చేసింది అల్లరి కూడా కాదు. ఆ వయసు పిల్లల కళ్ళతో ఒకసారి చూడండి. తలుపు సందు వాళ్ళకి ఒక బొమ్మల పెట్టె. అందులోంచి సన్నని వెలుతురు గీతలా పడుతుంది. వెలుతురులో ధూళి కణాలు నాట్యం చేస్తాయి. అవతల అమ్మ కనిపిస్తుంది, మాయమవుతుంది, మళ్ళీ కనిపిస్తుంది. దోబూచులాటకి ఇంతకన్నా మంచి చోటు వుంటుందా? ఇంకా నడక కుదరని పిల్లలైతే పడిపోకుండా ద్వారబంధాన్నే పట్టుకుంటారు. వాళ్ళ ఎత్తుకి అందే ఆసరా అదే మరి! ఇప్పటిదాకా వెడల్పుగా వున్న సందు మరుక్షణంలో లేకుండా పోతుందన్న సంగతి ఏ పసివాడికి తెలుస్తుంది?

ఇక ఆయా. 2017లో మన ప్రభుత్వం సవరించిన నేషనల్ క్రెష్ స్కీములో ఒక్కో కేంద్రానికి ఇరవై అయిదుగురు పిల్లలు, వాళ్ళని చూడ్డానికి ఒక కార్యకర్త, ఒక సహాయకురాలు అని లెక్క పెట్టారు. ఒకసారి గుణించి చూడండి. ఇరవై అయిదుగురు పిల్లలంటే 250 వేళ్ళు. ఇద్దరు మనుషులంటే నాలుగు కళ్ళు. ఆ నాలుగు కళ్ళూ 250 వేళ్ళనీ రోజుకి ఎనిమిది గంటలు రెప్పవాల్చకుండా చూస్తూ వుండాలి. అదే సమయంలో ఒకడికి అన్నం కలపాలి, ఒకర్తెకి లాగు మార్చాలి, ఇద్దరు జుట్లు పట్టుకుంటే విడదియ్యాలి. మనింట్లో ఒక్క పిల్లవాణ్ణి పెట్టుకుని, పొయ్యిమీద పాలు పొంగకుండా చూడ్డమే మనకి గగనమవుతుందే!

ఇంకొక సంగతి. ఆయా తలుపు విసిరి కొట్టలేదు. మెల్లగానే వేసింది. అయినా ఎముక చిట్లింది. ఎందుకంటారా? మన పెద్దల తాంబూలపు పళ్ళెంలో వుండే అడకత్తెరని గుర్తుచేసుకోండి. రాయిలాంటి పోకచెక్కని పిడికిలితో నలపమంటే మనవల్ల కాదు. అదే అడకత్తెరలో కీలుకి దగ్గరగా పెట్టి పిడులు నొక్కితే ముసలమ్మ చేతిలో కూడా టక్కున తెగుతుంది. తలుపు కూడా ఒక పెద్ద అడకత్తెర. తలుపు వెడల్పు సుమారు 30 అంగుళాలనుకోండి. మడతబందుకి ఒక అంగుళం దూరంలో పిల్లవాడి వేలు వుందనుకోండి. తలుపు కొసన మనం రెండు కిలోల బలంతో నెడితే, వేలిమీద పడేది అరవై కిలోల బలం! ఇంకా విచిత్రమేమిటంటే, ఆ వేలు అడ్డుపడిన సంగతి నెట్టేవాళ్ళ చేతికి సరిగా తెలియనే తెలియదు. అక్కడి అరవై ఇక్కడికి రెండుగానే తెలుస్తుంది. తలుపు కొంచెం బిగిసిందేమో అనుకుని ఇంకాస్త నెడతాం. గొళ్ళెం వైపు చెయ్యి పడితే కనీసం కంటికి కనిపిస్తుంది. మడతబందుల వైపు సందు ఎవరి కంటా పడదు. దెబ్బ అక్కడే గట్టిగా తగిలేది.

"అడకత్తెరలో పోకచెక్క" అని ఎన్నిసార్లు అనివుంటాం! ఆ పోకచెక్క స్థానంలో ఒక పసివేలుని ఊహించుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

మూడోది తల్లి ఉద్యోగం. ఈ మాట నాకు అన్నింటికన్నా ఎక్కువ కోపం తెప్పిస్తుంది. వేళ్ళు నలిగేది క్రెష్‌లలోనే కాదు. ఇంకా చెప్పాలంటే ఇళ్ళలోనే ఎక్కువ నలుగుతాయి. తల్లి ఇంట్లో వున్నప్పుడే, తరచు అన్నో అక్కో ఆడుకుంటూ తలుపు వేసినప్పుడే నలుగుతాయి. తల్లులు పనికి వెళ్ళడం కూడా నిన్న మొన్నటి వింత కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే యాభైమందికి మించి ఆడవాళ్ళు పనిచేసే చోట వాళ్ళ పిల్లలకి గది వుండాలని చెప్పింది. 1976లో ఆ యాభైని ముప్ఫై చేశారు. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి, యాభైమందీ ఆపైన పనిచేసే సంస్థలు క్రెష్ సదుపాయం కల్పించాలనీ, తల్లి రోజుకి నాలుగుసార్లు బిడ్డని చూసి రావచ్చనీ చేర్చారు. అంటే తల్లి పనిచెయ్యడం, బిడ్డ ఇంకొకరి చేతిలో పెరగడం నేరం కాదని దేశం ఎప్పుడో ఒప్పుకుంది. ఒప్పుకోనిది మన పక్కింటావిడే!

1948 చట్టం ఆ గదిలో వెలుతురు, గాలి ధారాళంగా వుండాలనీ, శుభ్రంగా వుంచాలనీ, శిక్షణ పొందిన స్త్రీలు చూసుకోవాలనీ రాసింది. చాలా మంచి మాటలు. అయితే గాలి ధారాళంగా వీచే గదిలో తలుపు దఢాలున కొట్టుకుంటుంది కూడా! గది గురించి అంత ఆలోచించినవాళ్ళం ఆ గది తలుపు గురించి కూడా ఆలోచించాలి కదా.

నాలుగోది విధి, దిష్టి, గ్రహచారం. వీటిమీద నాకు కోపం లేదు. పిల్లవాడి చుట్టూ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పారేస్తే నాయనమ్మ మనసు కుదుటపడుతుంది. పడనివ్వండి. కానీ ఒకే తలుపు రెండు నెలల్లో ఇద్దరు పిల్లల్ని కరిస్తే, దాన్ని గ్రహచారం అనడం గ్రహాలకి కూడా అన్యాయమే!

చివరికి చూస్తే ఏం మిగిలింది? తిలాపాపం తలా పిడికెడు. నలిగిన వేలు ఒక్కటే. ఒకరినొకరు ఎత్తి చూపుకున్న వేళ్ళు పది. ఆ పదింటిలో ఒక్కటి కూడా తలుపు వైపు తిరగలేదు.

తలుపుని నిందించి లాభమేమిటి, అది చెక్క కదా అంటారేమో. అక్కడే వుంది అసలు విషయం. మనిషిని నిందిస్తే కోపం చల్లారుతుంది, ఆ మనిషి వెళ్ళిపోతుంది, కథ ముగుస్తుంది. చెక్కని నిందిస్తే కోపం చల్లారదు. ఏదో ఒకటి చెయ్యాల్సి వస్తుంది. వడ్రంగిని పిలవాలి, నాలుగు డబ్బులు పెట్టాలి, ఒక పూట కేటాయించాలి. నింద చవక. బాగుచెయ్యడం ఖరీదు. అందుకే మనకి మనుషులే దోషులుగా కావాలి. అందులోనూ తక్కువ జీతం మనుషులైతే మరీ మంచిది.

పిల్లల్ని "కంటికి రెప్పలా" చూసుకోవాలని మన భాషలో ఒక అందమైన మాట వుంది. క్రెష్‌లో చేర్చేటప్పుడు ప్రతి తల్లీ ఆ మాటే అంటుంది. "కంటికి రెప్పలా చూసుకోవాలమ్మా!" ఆయా కూడా తలూపుతుంది. కానీ రెప్ప కంటిని ఎలా కాపాడుతుందో మనమెప్పుడైనా గమనించామా? రెప్ప కంటిని చూస్తూ కూర్చోదు. అది దేన్నీ చూడదు, దేన్నీ ఆలోచించదు. దుమ్ము వస్తే తనంతట తాను మూసుకుంటుంది. మనం అలిసిపోయినా, ఏడుస్తున్నా, పరధ్యానంగా వున్నా తన పని తాను చేసుకుపోతుంది. దానికి ఎవరూ "జాగ్రత్త" అని చెప్పనక్కర్లేదు. కంటిని కాపాడే పని దేవుడు మన జాగ్రత్తకి వదిలిపెట్టలేదు. మన సంగతి ఆయనకి బాగా తెలుసు!

"ఒళ్ళు దగ్గర పెట్టుకో" అని ఆయాని రోజుకి పదిసార్లు హెచ్చరించడం రెప్పలా కాపాడడం కాదు. తలుపు సందుని కప్పే ఒక పట్టీ కొట్టిస్తే, అదీ రెప్ప. మనుషుల జాగ్రత్త ఉదయం వున్నంత సాయంత్రం వుండదు. సోమవారం వున్నంత శనివారం వుండదు. ఇంట్లో జ్వరంతో వున్న తన బిడ్డని వదిలి మన బిడ్డని చూడ్డానికి వచ్చిన ఆయాకి ఆ పూట వుండకపోవచ్చు కూడా. పట్టీకి జ్వరమూ లేదు, శనివారమూ లేదు.

దీనికి ఎదురుమాట లేకపోలేదు. మాకు తెలిసిన ఒక పిన్నిగారు అన్నారు, "అన్నింటికీ మెత్తలు చుట్టి పెంచితే పిల్లలకి జాగ్రత్త ఎప్పుడు తెలుస్తుందే? దెబ్బ తగిలితేనే బుద్ధి వచ్చేది. మా రోజుల్లో ఇవన్నీ వున్నాయా?"

కొట్టిపారెయ్యాల్సిన మాట కాదిది. పరుగెత్తి పడి మోకాలు చెక్కుకుపోతే, ఇలా పరుగెత్తితే ఇలా అవుతుందని పిల్లవాడికి తెలుస్తుంది. ఆ పాఠానికి ఆ దెబ్బ సరిపోతుంది. అది నేనూ ఒప్పుకుంటాను. తలుపు సందు మాత్రం ఏ పాఠమూ చెప్పదు. తలుపు కదిపింది తను కాదు. ఎవరు కదిపారో కనిపించలేదు. ఎందుకు నొప్పి పుట్టిందో అర్థం కాలేదు. "ఈ లోకంలో వున్నట్టుండి ఏదైనా నన్ను కొరికేస్తుంది" అన్న భయం తప్ప దాంట్లోంచి వాడు నేర్చుకునేది ఏముంది? పాఠం విలువకన్నా గురుదక్షిణ ఎక్కువైపోతే అది చదువు కాదు. ఏకలవ్యుడి బొటనవేలు చాలదూ మనకి?

ఇక "మా రోజుల్లో" అన్నదానికి నా దగ్గర ఒక జవాబుంది. ఆ రోజుల్లో పిల్లల్ని తలుపులనుంచి కాపాడింది పెద్దల జాగ్రత్త కాదు, తలుపులు తెరిచి వుండడం! తెల్లవారి తీసిన వీధి తలుపు రాత్రి పడుకునేదాకా తీసే వుండేది. దీపాలు పెట్టే వేళ మూస్తే లక్ష్మి వెనక్కి పోతుందనేవారు. గాలికి కొట్టుకోకుండా పొత్రమో, ఇటుకరాయో అడ్డం పెట్టేవారు. అరుగులమీదా నడవల్లోనూ పిల్లలు పెరిగిపోయారు. ఇప్పుడు ఫ్లాట్లొచ్చాయి. గది గదికీ తలుపు, స్నానాలగదికో తలుపు, ఎ.సి. చల్లదనం పోకుండా దానంతటది మూసుకునే స్ప్రింగు తలుపు. తలుపులు పెరిగాయి, పొత్రం పోయింది.

అంగన్‌వాడీ అన్న మాటనే చూడండి. అంగణం అంటే ముంగిలి. తారాబాయి మోడక్ గారు 1945లో అప్పటి ఠాణా జిల్లాలోని బోర్డీకి వెళ్ళి గిరిజన పిల్లలకి బడి పెట్టారు. పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ళ వాడల్లోకి, ముంగిళ్ళలోకి తీసుకుపోయారు. ముంగిలికి తలుపేముంది! తర్వాత 1975 అక్టోబరు 2న మన ప్రభుత్వం 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి పథకాన్ని మొదలుపెట్టినప్పుడు ఆ పేరే దేశమంతా పాకింది. ముంగిలి బడి గదుల్లోకి వచ్చింది. గదితోపాటు తలుపూ వచ్చింది.

అంతకు చాలా ముందే 1907 జనవరి 6న, రోమ్ నగరంలోని పేదల పేటలో మరియా మాంటిస్సోరీ తన మొదటి పిల్లల ఇల్లు తెరిచింది. కుర్చీలు, బల్లలు, బీరువాలు పెద్దల కొలతలో కాక పిల్లల కొలతలో వుండాలని పట్టుబట్టింది. చేత్తో తాకితేనే, పట్టుకుంటేనే పిల్లల బుద్ధి వికసిస్తుందని ఆమె నమ్మకం. 1939లో మద్రాసు వచ్చి అడయారులో మనవాళ్ళకీ ఆ పద్ధతి నేర్పింది. ఆ పేరు పెట్టుకున్న బడులు ఇవాళ మన వీధి వీధికీ వున్నాయి. చిన్న కుర్చీలు, చిన్న బల్లలు ముచ్చటగా అమరుస్తారు. తలుపు మాత్రం పెద్దల కొలతదే. చేతులతో లోకాన్ని తెలుసుకోవాలని చేర్చిన చోట ఆ చేతులకే కాపలా లేకపోతే ఎలా?

సరే, ఏం చెయ్యాలి? పెద్ద ఖర్చేం కాదు. పిల్లలు తిరిగే గదుల తలుపులు పగలంతా గోడకి ఆనించి, కొక్కెం బిగించి తెరిచే వుంచవచ్చు. కొక్కెం పిల్లలకి అందనంత ఎత్తున వుండాలి. మడతబందుల వైపు సందుని నిలువునా కప్పేట్టు మందపాటి రబ్బరు పట్టీగాని కాన్వాసు పట్టీగాని కింది నుంచి కనీసం నాలుగడుగుల ఎత్తు వరకు కొట్టించాలి. తలుపు తెరిచినప్పుడు లాగినట్టు కాకుండా కొంచెం వదులు వుంచాలి. లోపలి వైపూ బయటి వైపూ కూడా చూసుకోవాలి. బజారులో ఫింగర్ గార్డు అనే పేరుతో తయారు పట్టీలూ దొరుకుతున్నాయి. గొళ్ళెం వైపు తలుపు అంచుకి పైన ఒక మడత తువ్వాలు వేసినా చాలు, తలుపు పూర్తిగా మూసుకోదు. స్ప్రింగు తలుపులకి మెల్లగా మూసుకునే ఏర్పాటు చేయించుకోవాలి. పెద్ద భవనాల్లో అగ్నిప్రమాదం కోసం పెట్టిన తలుపులకి మాత్రం ఏదీ అడ్డం పెట్టకూడదు. అక్కడ పిల్లలు చేరకుండా చూసుకోవడమే దారి.

తల్లులు వదిలి వెళ్ళే ఆ పది నిమిషాలూ ఒక మనిషి తలుపు దగ్గరే వుండాలి. తలుపు వేసేముందు వెనక్కి తొంగి చూడాలి. ఏడ్చే పిల్లవాణ్ణి ముందు ఎత్తుకుని, తర్వాత తలుపు వెయ్యాలి. ఇది పెద్ద చదువేం కాదు, అలవాటు. పట్టీ వుంటే ఆయాకి ఈ తీరిక దొరుకుతుంది కూడా. సందు కాపలా చెక్క చూసుకుంటే, కన్నీళ్ళు తుడిచే పని మనిషి చూసుకోవచ్చు. కన్నీళ్ళు తుడిచే పట్టీ ఏ బజారులోనూ దొరకదు కదా.

ఇంత చేసినా ఎప్పుడైనా వేలు నలిగితే, ముందు తలుపు తెరవండి, అరవకండి. ఉంగరం వుంటే వాపు రాకముందే తీసేయండి. చల్లని నీళ్ళ ధార కింద వేలు వుంచండి. ఐసుముక్క నేరుగా పెట్టకండి. రక్తం వస్తుంటే శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టి, చెయ్యి గుండెకన్నా ఎత్తులో వుంచండి. కాఫీపొడి, పసుపు, సున్నం పుండులో అద్దకండి. గోరుకింద నల్లగా రక్తం కట్టినా, గోరు లేచినా, వేలు వంకరపోయినా, పిల్లవాడు వేలు కదపలేకపోయినా ఆస్పత్రికి తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయించాలి. సూది కాల్చి గోరు పొడవడం లాంటి ఇంటి వైద్యాలు వద్దు. ఖర్మకాలి వేలి కొస తెగిపడితే దాన్ని తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించి, ఆ సంచిని ఐసు కలిపిన నీళ్ళలో వుంచి వెంట తీసుకెళ్ళండి. వూడిన గోరు మళ్ళీ పూర్తిగా రావడానికి ఆరునెలల దాకా పడుతుంది. గోటి కింది కండ చీలిపోతే సరిగా కుట్టించకపోతే గోరు వంకరగా వస్తుంది.

మనం క్రెష్‌కి వెళ్ళినప్పుడు ఏమేం అడుగుతామో ఒకసారి గుర్తుచేసుకోండి. ఫీజెంత, ఇంగ్లీషు రైములు చెబుతారా, సీసీ కెమెరా వుందా, పాలు ఏ వేళకి పడతారు. ఇకనుంచి ఒక్క పని చేద్దాం. తలుపు తెరిచి, మడతబందుల పక్కనున్న సందులో మన చిటికెనవేలు పట్టేటంత చోటుందేమో చూద్దాం. మన చిటికెనవేలు పట్టిందంటే వాళ్ళ వేళ్ళన్నీ పడతాయి. కెమెరా జరిగింది చూపిస్తుంది, అంతే. జరగకుండా ఆపేది పట్టీ. యజమానురాలు ఖర్చని వెనకాడితే తల్లులందరం తలా కొంత వేసుకోలేమా? పాపాన్ని తలా పిడికెడు పంచుకోవడానికి ఎప్పుడూ సిద్ధమేగా, ఖర్చు పంచుకోవడానికేం వచ్చింది?

ఇందులో ఒక చిక్కుంది. అది కూడా చెప్పేస్తాను. వేలు నలిగిన పిల్లవాణ్ణి ఎత్తుకుని ఆస్పత్రికి పరుగెత్తినవాళ్ళని నలుగురూ మెచ్చుకుంటారు. పట్టీ కొట్టించినవాళ్ళని ఎవరూ మెచ్చుకోరు. జరగని ప్రమాదం ఎవరి కంటా పడదు. ఆ పట్టీ వల్ల ఏ పాప వేలు దక్కిందో ఆ పాపకీ తెలియదు, వాళ్ళమ్మకీ తెలియదు, కొట్టించిన మీకూ తెలియదు. ఆ పాప పెద్దదై ఆ వేళ్ళతో వీణ వాయించవచ్చు, ముగ్గులు పెట్టవచ్చు, ఆపరేషన్లు చెయ్యవచ్చు. ఒక్కసారి కూడా మీ పేరు తలుచుకోదు.

ఫలం ఆశించని కర్మ గురించి ఉపన్యాసాలు వినడానికి మనం ఎండలో పడి ఎక్కడెక్కడికో వెళ్తాం. వెళ్దాం, తప్పులేదు. ఆ దారిలోనే వడ్రంగి కొట్టు కూడా వుంటుంది. ఒక్క నిమిషం ఆగి, రేపు ఉదయం ఒకసారి వచ్చి వెళ్ళమని అతనికి చెప్పి వెళ్దాం.